బీరువాకి కింది పక్క

ఒంట్లో తడి ఆగని మనిషి దేవుడి ముందు కూర్చోవచ్చా అన్న అనుమానం కొన్నేళ్లుగా నన్ను పట్టుకుని ఉంది. ఎవరినీ అడగలేదు. అడగాలంటే ముందు ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. అందుకని ప్రార్థన మందిరంలో నా చోటు మార్చుకున్నాను. ఇదివరకు ముందు వరసలో చాప మీద కూర్చునేవాణ్ని. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి గుమ్మం పక్కన నిలబడుతున్నాను. మోకాళ్లు వంగడం లేదా అని ఒకరిద్దరు అడిగితే తలూపాను. తలూపడం కూడా అబద్ధం కిందికి వస్తుందేమో తెలియదు. వస్తుందనే అనిపిస్తుంది.

నాది సామాన్లు మోసే పని. ఇళ్లు మారేవాళ్ల మంచాలు, ఫ్రిజ్‌లు, బీరువాలు నేనూ బావా కలిసి మేడల మీంచి దించి వ్యానులో సర్దుతాం. బావ అంటే మా ఆవిడకి అన్నయ్య. అరవై దాటినవాడు. నేను ఆయన్ని బావా అంటాను, ఆయన నన్నూ బావా అనే అంటాడు. పని చెప్పే ఇంటివాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకుని "బావా, ఈ టేబులు కూడా" అంటే ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరుగుతాం.

ఈ పని తెలియని వాళ్లకి ఒక సంగతి చెప్పాలి. మెట్ల మీంచి బరువు దించేటప్పుడు పైనొకడు, కిందొకడు ఉంటారు. బరువు ముప్పాతిక మువ్వీసం, అంటే దాదాపు అంతా, కిందవాడిదే. పైవాడు జారకుండా పట్టుకుంటాడు, దారి చెబుతాడు, మలుపు దగ్గర తిప్పుతాడు. పెళ్లయిన కొత్తలో బావ నన్ను ఈ పనిలో పెట్టుకున్నప్పుడు, "చిన్నవాడివి, కింద నువ్వు" అన్నాడు. న్యాయమైన మాట. అప్పట్నుంచీ కింది పక్క నాదే.

తర్వాత ప్రోస్టేట్ గడ్డకి ఆపరేషన్ అయింది. గొట్టం తీసేశాక మూత్రం నా చేతిలో లేకుండా పోయింది. దగ్గితే తడి, తుమ్మితే తడి, కుర్చీలోంచి లేస్తే తడి. పెద్ద డాక్టరుగారు, "కింది కండరాలు బిగపట్టే వ్యాయామం చెయ్యండి, సర్దుకుంటుంది" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. ఎలా బిగపట్టాలని ఆయన వెనకాల వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు.

మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఒక వాషింగ్ మెషిన్ దించేసరికి ప్యాంటు ముందు భాగమంతా తడిసిపోయింది. బావ చూసేలోగా మంచినీళ్ల సీసా ఒంటి మీద ఒంపుకున్నాను. మూత ఊడిందన్నాను. ఆ సాయంత్రం నడుం పట్టేసిందని చెప్పాను. మర్నాటి నుంచి బావ కిందికి దిగాడు, నేను పైకెక్కాను.

అది తెలివితక్కువ అబద్ధం. మెట్ల మీద ఎక్కువ వంగాల్సింది పైవాడే. కిందవాడు నిటారుగా ఉంటాడు. నడుం పట్టేసినవాణ్ని పైన పెట్టడం ఈ పని చేసేవాడెవడూ చెయ్యడు. బావకి ఆ అనుమానం రావాలి. రాలేదు. నేను చెప్పాను కాబట్టి నమ్మాడు. ఆయన నమ్మడమే నన్ను ఎక్కువ తినేసింది. ఒకసారి తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన కుడి మోకాలు వాయడం మొదలయ్యాక ఇంట్లో నాకు నిలువ నీడ లేకుండా పోయింది. నా సంగతి తెలిసింది మా ఆవిడ ఒక్కదానికే. గుడ్డలు విడిగా నానబెట్టి ఉతికేది ఆవిడే. మీ అన్నయ్యకి చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చి కాలు చాపుకుని కూర్చుంటే, ఆవిడ నూనె వేడి చేసి రాసింది. ఆయన వెళ్లాక గిన్నె తోముతూ అంది.

"రేపు డాక్టరుకి చూపిస్తాడట. అరిగిందంటే ఇంక పని మానెయ్యాలట."

"ఊఁ."

"కాలికి నూనె రాస్తుంటే, 'మీ ఆయన నడుం ఎలా ఉందే' అని అడిగాడు. నాకు నోట్లో మాట లేదు. ఎవరి వైపు ఉండమంటారు నన్ను? పుట్టింటి వైపా, మీ వైపా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమైతే ఎప్పుడో చెప్పేదాన్ని." గిన్నె బోర్లించింది. "సరే, ఆయనకి చెప్పలేకపోతే పోనీ. ఆసుపత్రి మేడ మీద ఇలాంటి వాటికనే ఒక ఫిజియో డాక్టరమ్మ కూర్చుంటుందట. కనుక్కొచ్చాను. ఆవిడకైనా చెప్పండి."

"ఆడమనిషా?"

"కాకపోతే? మిమ్మల్ని పుట్టించింది మగ డాక్టరా?"

వెళ్లాను. ఆ గదిలో ఒక ఎత్తైన మంచం, తెర, రబ్బరు బంతి, బల్ల మీద నడుం కింది ఎముకలది గిన్నెలాంటి బొమ్మ ఉన్నాయి. డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. ఆ వయసు పిల్ల ముందు ఆ మాటలు మాట్లాడాల్సి రావడం కూడా నా పాపాల్లో కలుపుకున్నాను. ఆవిడకి మాత్రం అవి మామూలు మాటలే. వానొచ్చిందా అన్నట్టు అడిగేసింది.

"ఎప్పుడు కారుతుంది బాబాయ్? నడిస్తేనా, బరువెత్తితేనా?"

"బరువెత్తితే ఎక్కువమ్మా."

"ఏం పని చేస్తారు?"

"బరువులెత్తే పనే."

ఆవిడ నవ్వలేదు. బొమ్మ తీసి చూపించింది. ఎముకల గిన్నెకి అడుగున ఎర్రటి పట్టీలు ఊయల కట్టినట్టు ఉన్నాయి. "మూత్రాశయం, పేగూ అన్నీ ఈ కండరాల మీదే ఆనుకుని ఉంటాయి. ఇవి పైకి లేస్తే మూత్రం దారి మూసుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు లోపల ఇంకో తాళం ఉండేది. ఇప్పుడు పనంతా వీటి మీదే పడింది" అంది. నన్ను పడుకోబెట్టి బొడ్డు కింద చల్లటి జెల్లు రాసి ఒక యంత్రం ఆనించింది. తెర మీద నల్లటి సంచి ఒకటి కనిపించింది. అదే మూత్రాశయమట.

"ఇన్నేళ్లూ మీరు చేస్తున్న వ్యాయామం ఒకసారి చెయ్యండి."

అందులో నాకు లోపల కొంచెం గర్వం ఉండేది. రోజూ పొద్దున్న ప్రార్థన అయ్యాక మానకుండా చేసేవాణ్ని. గుండెల నిండా ఊపిరి తీసి బిగబట్టాను, పొట్ట రాయి చేశాను, పళ్లు కరిచాను, పిరుదులు బిగించాను. బీరువా లేపే ముందు ఎలా చేస్తానో అలాగే.

"తెర చూస్తూ చెయ్యండి."

చూశాను. నేను బిగించినప్పుడల్లా ఆ నల్ల సంచి కిందికి దిగుతోంది.

"మీరు పైకి ఎత్తడం లేదు బాబాయ్. కిందికి తోస్తున్నారు."

ఇన్నేళ్లూ మందిరం నుంచి ఇంటికి వచ్చి, భక్తిగా, ఉన్న రోగాన్ని నేనే ముదరబెట్టుకున్నాను. ఆవిడ నా మొహం చూసింది. "ఎవరూ చూపించకపోతే ఎవరైనా ఇంతే చేస్తారు. కడుపులో ఒత్తిడి పెడితే అది ఎక్కడికి పోతుంది? కిందికే. సరే, ఇంకోలా అడుగుతాను. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి వచ్చేలా ఉంటే ఎలా ఆపుకుంటారు?"

"మా ఇంట్లో ఎవరూ ఆపుకోరమ్మా."

అప్పుడు నవ్వింది. "మందిరంలో?"

"అక్కడ ఆపుకుంటాం."

"మందిరంలో ఉన్నాననుకోండి. పొట్ట కదలకూడదు, పిరుదులు కదలకూడదు. లోపల మాత్రం ముందూ వెనకా మెల్లగా పైకి లాక్కోవాలి."

ప్రయత్నించాను. ఆ సంచి అడుగు గోరంత పైకి లేచింది. ఇంతలో మళ్లీ దిగిపోయింది.

"లేపారు, బాగుంది. వెంటనే ఊపిరి బిగబట్టారు."

"ఊపిరి బిగబట్టకుండా ఎత్తడం మా పనిలో లేదమ్మా. దమ్ము పడితేనే బరువు లేస్తుంది."

"నోటితో ఏదైనా పైకి అంటూ చెయ్యండి. మాట బయటికి వస్తుంటే ఊపిరి ఆగదు. అంకెలు లెక్కపెట్టండి, పోనీ పాట పాడండి, మీ ఇష్టం."

అంకెలు చెప్పాను. ఎవరో పక్కన నిలబడి నా పనికి లెక్క కడుతున్నట్టు అనిపించి ఒళ్లంతా బిగుసుకుపోయింది. పాటలు నాకు రావు. చిన్నప్పట్నుంచీ తడబడకుండా నా నోటికి వచ్చే మాట ఒక్కటే. "స్వామీ, నీవే దిక్కు" అన్నాను. సంచి అడుగు లేచింది. ఆ మాట పూర్తయ్యేదాకా పైనే నిలిచింది.

"ఇది బాగుంది. ఇదే అనండి. అన్నాక పూర్తిగా వదిలెయ్యండి. వదలడం కూడా పనే, మర్చిపోకండి" అంది డాక్టరమ్మ.

ఇంటికి వస్తూ దారిపొడుగునా కుమిలిపోయాను. దేవుడి పేరు ఎక్కడికి తీసుకొచ్చి పెట్టాను? మందిరంలో చేతులు జోడించి అనే మాటని, ఎవరి ముందూ పేరెత్తకూడని చోటు కోసం వాడుకుంటున్నాను. పోనీ వేరే మాట ఏదైనా అందామని "కుర్చీ, బల్ల" అంటూ చూశాను. లోపల పట్టు లేవలేదు.

మా ఆవిడతో చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"తప్పేమో కదూ?"

"మీ గుడ్డలు ఉతికేటప్పుడు నేనూ ఆ మాటే అనుకుంటాను. ఉతికినంతసేపూ."

"నువ్వు ఉతుకుతూ అంటావు. అది వేరు."

"ఎలా వేరు? సబ్బు నాకు ఉంది, మీకు లేదు, అంతేగా."

ఆవిడ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. అయినా వ్యాయామం చేసే ముందు ప్రతిసారీ మనసులో క్షమించమని అడిగేవాణ్ని. ఆ క్షమాపణకి కూడా ఊపిరి బిగుసుకునేది, అది డాక్టరమ్మ ఒకరోజు కనిపెట్టింది. "మొదలుపెట్టే ముందే భుజాలు ఎత్తేస్తున్నారు, ఎందుకు?" అని అడిగింది. నేను భుజాలు దించాను.

తడి మెల్లగా తగ్గింది. పూర్తిగా పోతుందని చెప్పలేనని ఆవిడ మొదటే చెప్పింది. ముందు దగ్గుకి ఆగింది, తర్వాత కుర్చీలోంచి లేస్తే ఆగింది. ఇటు బావని మాత్రం మోకాలు బాగా అరిగిందని, బరువు తగ్గించకపోతే కష్టమని ఆయన డాక్టరు హెచ్చరించాడు. "బరువు తగ్గించమంటే నన్ను చిక్కమన్నాడేమో" అని బావ నవ్వేశాడు. మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుని కిందికే దిగుతున్నాడు, బరువు దించాక కుంటుకుంటూ వస్తున్నాడు. మెట్టు మెట్టుకీ ఆయన పళ్లు కొరుక్కోవడం పైనుంచి నాకు కనిపిస్తూనే ఉంటుంది. నాకేమో పైన చేతులు ఊరికే ఉన్నట్టుంటాయి.

ఈ నెల గడిచాక మానేస్తానని ఒకరోజు వ్యాను తోలుతూ అన్నాడు. "నీకు ఇంకెవరినైనా కుర్రాణ్ని చూసుకో బావా. నీ నడుం సంగతి వాడికి ముందే చెప్పు, లేకపోతే నిన్ను కింద పెడతాడు" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, కింది పక్క పట్టుకుని మెట్లు దిగాలి, నేర్పమన్నాను.

"ఎంత బరువు?"

"బీరువా."

"ఇప్పుడే వద్దు అంటాను. వినరు కదూ?"

"వినలేనమ్మా." బావ సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ కలం మూసి లేచింది. వరండాలో ఉన్న చెక్క బెంచీ చూపించింది.

"పట్టండి. నేను పైన ఉంటాను."

"మీరా అమ్మా?"

"రోజూ మనుషుల్ని ఎత్తుతాను బాబాయ్. బెంచీ ఎంత."

ఆసుపత్రి మెట్ల మీద డాక్టరమ్మ పైన, నేను కింద, మధ్యలో బెంచీ. ముందు లోపల పైకి లాక్కోవాలి, తర్వాత ఎత్తాలి, కాలు కింది మెట్టు మీద ఆనేటప్పుడు మాట బయటికి రావాలి. "స్వామీ" అన్నాను, మెట్టు దిగాను. "నీవే" అన్నాను, ఇంకో మెట్టు. మెట్ల కింద కూర్చున్న వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. ఆవిడకి నవ్వు ఆగక బెంచీ వదిలేసేదే. నేనూ నవ్వాను. నవ్వినా తడి రాలేదని ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

బెంచీతో మొదలుపెట్టి, పుస్తకాలు నింపిన పెట్టెల దాకా వచ్చాం. అప్పటికి నెల చివరికి వచ్చేసింది.

ఆ రోజు పని మూడో అంతస్తులో ఒక టీచరమ్మ ఇంట్లో. లిఫ్టు లేదు. సామానంతా దిగింది, టేకు బీరువా ఒక్కటీ మిగిలింది. పాతకాలంది, తలుపులకి అద్దాలు. అద్దాలకి దుప్పటి చుట్టి తాళ్లు కట్టాం. బావ గుమ్మం బయటికి వెళ్లి మెట్టు మీద మోకాలికి గుడ్డ బిగించుకుంటూ కూర్చున్నాడు.

"పైకి రా బావా. కింద నేను ఉంటాను" అన్నాను.

"నడుం?"

"రా ముందు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వాదించడానికి కూడా మోకాలు ఓపిక ఇచ్చినట్టు లేదు, పైకి వచ్చాడు. నేను కింది పక్క చేతులు పెట్టాను. లోపల లాక్కున్నాను, ఎత్తాను. బరువు వచ్చి గుండెల మీద కూర్చుంది. ఎన్నాళ్లయిందో దాన్ని మోసి.

మొదటి మెట్టు మీద నోరు తెరిస్తే "స్వామీ" అన్న మాట రాలేదు. పైన బావ మొహం కనిపిస్తోంది. ఆ మొహం చూస్తూ దేవుణ్ని పిలవడానికి నాకు నోరు రాలేదు. కానీ ఏదో ఒకటి అనాలి, ఊపిరి ఆగకూడదు.

"నడుం" అన్నాను, మెట్టు దిగాను.

"ఆఁ, నడుం?" అన్నాడు బావ.

"బాగానే ఉంది." మెట్టు. "ఎప్పుడూ" మెట్టు "బాగానే ఉంది."

"మరి?"

"ఆపరేషన్ అయినప్పట్నుంచీ" మెట్టు "మూత్రం" మెట్టు "ఆగడం లేదు."

పైన బావ చేతుల్లో బీరువా ఒక్క క్షణం ఆగింది.

"ఆగకు బావా. ఆగితే బరువు."

కదిలింది. మలుపు దగ్గర ఆయన తిప్పాడు, నేను తిరిగాను. రెండో మెట్ల వరసలోకి దిగాక అడిగాడు.

"మా చెల్లికి తెలుసా?"

"తెలుసు. చెప్పొద్దని" మెట్టు "ఒట్టు వేయించుకున్నాను."

"మూత్రం ఆగకపోతే నాకు చెప్పకూడదా? నేనేమన్నా నీకు పెళ్లి సంబంధం చూస్తున్నానా?"

ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మాట ఆగేసరికి ఊపిరి బిగుసుకుంది, లోపల పట్టు జారుతున్నట్టు తెలిసింది. ఒక వెచ్చటి చుక్క కూడా తెలిసింది.

"తప్పయింది" అన్నాను. పట్టు నిలిచింది. మెట్టు. "తప్పయింది." మెట్టు. "తప్పయింది బావా."

"చాల్లే, ఎన్నిసార్లంటావు. పైన టీచరమ్మ వింటోంది."

"మాట ఆపితే ఊపిరి బిగుస్తుంది. బిగిస్తే కారుతుంది. డాక్టరమ్మ చెప్పింది."

"అయితే ఇంకేదన్నా అను. వినలేకపోతున్నాను."

"ఏమనను?"

"నన్ను తిట్టు."

"నిన్నెందుకు తిడతాను?"

నేను గసపెడుతున్నాను. చెమట కళ్లలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"సరే, తిట్టడం నా వంతు. నువ్వు ఆఁ అను" అన్నాడు. "నడుం దొంగా."

"ఆఁ." మెట్టు.

"మాయల మరాఠీ."

"ఆఁ."

"నా మోకాలు తినేశావు కదరా."

ఆయన నన్ను ఏనాడూ రా అనలేదు. చెల్లెలి మొగుణ్ని అలా అనకూడదని ఆయన పట్టింపు. ఆ రా వినేసరికి నాకు ఊపిరి ఆగబోయింది. అయినా బయటికి తోశాను. "ఆఁ."

"పుల్లలా ఉంటుందా ఇక్కడ పైన? ఇంత తేలిగ్గా ఉంటుందని నేను మర్చిపోతే ఒక్కనాడన్నా చెప్పావా?"

"ఆఁ."

"ఆఁ ఏంటి, చెప్పలేదు నువ్వు."

"ఆఁ. చెప్పలేదు."

కింది వాకిలి వెలుతురు నా వీపు మీద పడింది. చివరి మెట్టని ఆయన చెప్పాడు. కాలు నేల మీద ఆనింది. ముందు నేను వంగాను, తర్వాత ఆయన దించాడు, బీరువా నాలుగు కాళ్ల మీద నిలబడింది. అద్దాలు మోగలేదు. ఊపిరి వదిలాను, లోపల పట్టు కూడా మెల్లగా పూర్తిగా వదిలాను. బావ బీరువా వెనకనుంచి ఈసారి కుంటకుండా ఇవతలికి వచ్చాడు.